బయటికి రా, ఎవులూ కొట్టరు

ఎవరూ ఏడవలేదు. ముందు ఆ సంగతి తేల్చుకుని మిగతాది మాట్లాడుకుందాం.

ఈమధ్య నేనొకప్పుడు పాఠాలు చెప్పిన హోమ్ వాళ్ళు వార్షికోత్సవానికి నన్ను పిలిచి, శాలువా కప్పి, ఒక సావనీరు చేతిలో పెట్టారు. అందులో మా నాటకాల చరిత్ర అని ఒక వ్యాసం ఉంది. దాని ప్రకారం బుద్ధి ఎదగనివాళ్ళ చేత మన జిల్లాల్లో మొట్టమొదట నాటకం ఆడించిన ఘనత అప్పటి సెక్రటరీగారిది. ఆయన జాలిగుండెలోంచి ఆ ఆలోచన పుట్టింది. చూసినవాళ్ళంతా కంటతడి పెట్టారు. ముఖ్యవేషం కట్టినతను పాపం ఆ శ్రమ తట్టుకోలేక జబ్బుపడితే, కమిటీవారు దయతలచి నాటకాలు మాన్పించారు. వేదిక మీద ఒకాయన దీన్నే మైకులో చదివాడు. చదువుతూ ఒకచోట గొంతు కూడా వణికించాడు. ఆయన వెనకాల సెక్రటరీగారి ఫోటో, దానికి బంతిపూల దండ.

నేను లేచి "అబద్ధం" అన్నాను. నాకు మైకు అక్కర్లేదు. ఇరవై ఏళ్ళు పైగా పాఠం చెప్పిన గొంతు నాది. పక్కనున్న ఆవిడ నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. శాలువా కప్పించుకున్నవాళ్ళు తగువు పెట్టుకోకూడదట. సరే, అక్కడ కూర్చున్నాను. ఇక్కడ కూర్చోను.

మీలో చాలామంది కుర్ర టీచర్లు ఇవాళ ఇలాంటివాళ్ళతో నాటకాలు వేయిస్తున్నారు, పోటీలకి తీసుకెళ్తున్నారు, షీల్డులు తెచ్చి అద్దాల బీరువాలో పెడుతున్నారు. ఇది మీకోసమే రాస్తున్నాను. మీరు వేయిస్తున్న నాటకం ఎక్కడ పుట్టిందో, ఎందుకు ఆగిపోయిందో, మళ్ళీ మొదలైనప్పుడు దాని నోరు ఎవరు కుట్టేశారో మీకు తెలియాలి.

అరవైల చివర మాట. విజయనగరం శివార్లలో ఒక పాత పెంకుటింట్లో ఆ హోమ్ ఉండేది. నేను బి.ఏ., బి.ఎడ్. చదివాను. స్కూల్లో ఉద్యోగం దొరక్క కాదు, దొరికిన స్కూల్లో హెడ్మాస్టరుతో పడక ఇక్కడికొచ్చి చేరాను. ఉన్నవాళ్ళు పదిహేనుమంది దాకా. అందరినీ 'పిల్లలు' అనేవాళ్ళు. ఆ పిల్లల్లో ఒకతనికి చెంపలు నెరిశాయి. ఇంకొకామె నాకంటే పెద్దది. పిల్లలేమిటండీ, మనుషులనండి అంటే, టీచరుగారికి పొగరెక్కువ అనేవాళ్ళు. ఉంది. ఇప్పటికీ ఉంది.

చెంపలు నెరిసినతను ఈ కథకి ముఖ్యుడు. బొద్దుగా ఉండేవాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. రెండు కొబ్బరిచిప్పలు, ఒక పుల్ల, కాస్త పురికొస కలిపి తక్కెడ చేసుకుని, అది చేతిలో లేనిదే భోజనానికి కూడా వచ్చేవాడు కాదు. ఇసక తూచేవాడు, చింతగింజలు తూచేవాడు, ఒకసారి వంటామె చెవి దిద్దులు తూస్తానని పేచీ పెట్టాడు. అతని అన్న ధాన్యం వ్యాపారి, మా కమిటీకి పెద్ద దాత. ఊరి పేరు రాయను. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి బండి కట్టించుకుని వెళ్ళాలి. అన్న పెద్దషావుకారు కాబట్టి ఇతన్ని చిన్నషావుకారు అన్నారు. వెటకారంగా మొదలైన పేరు, నెమ్మదిగా మర్యాద అయిపోయింది. ఇంటికి వచ్చేపోయే చుట్టాలు ఎక్కువై, వాళ్ళ కంట పడకూడదని తెచ్చి మా దగ్గర ఉంచారు. అంతకుముందు ఎక్కడుండేవాడని అడిగితే "ఇంట్లోనే" అన్నారు. ఇంట్లో అంటే ఇంట్లోనే అనుకుంటాం కదా ఎవరమైనా.

ఇక సెక్రటరీగారు. ప్లీడరీ మానేసిన పెద్దమనిషి, వయసులో ఉండగా స్టేజీ మీద పద్యాలు పాడినవాడు. కిరీటం పెట్టుకుని తీయించుకున్న ఫోటో ఆయన హాల్లో దేవుడి పటాల కంటే ఒక జానెడు ఎత్తులో ఉండేది. ఆయన ఒక వార్షికోత్సవానికి మావాళ్ళ చేత పౌరాణికం వేయిద్దామన్నారు. జాలిగుండె అని రాశారే, అది ఇదే. పాత కిరీటాలు దుమ్ముపడుతున్నాయని ఆయన బాధ.

కొలువు సీను. మావాళ్ళకి జరీ బట్టలు చుట్టి, అట్ట కిరీటాలు పెట్టి కుర్చీల్లో కూర్చోబెట్టారు. పక్కతెర వెనకాల సెక్రటరీగారు పుస్తకం పట్టుకుని గొంతుక్కూర్చున్నారు. ప్రాంప్టింగు ఆయనే. చిన్నషావుకారు మహారాజు. కిరీటం వదులై కళ్ళ మీదికి జారుతోంది.

"సభాసదులారా అను," అని తెర వెనకనుంచి గుసగుస.

మహారాజు అటు తిరిగాడు.

"ఇటు కాదురా, జనం వైపు. సభాసదులారా. అనవేం?"

మహారాజు లేచాడు. తక్కెడ సింహాసనం మీద పెట్టాడు. తిన్నగా నడిచెళ్ళి పక్కతెర ఎత్తాడు. లోపల సెక్రటరీగారు, పైకి ఎగ్గట్టిన పంచె, ముక్కు చివర కళ్ళజోడు.

"ఇక్కడ దాక్కున్నావేటి?" అన్నాడు చిన్నషావుకారు, ఎంతో ఆపేక్షగా. "బయటికి రా నాయినా. ఎవులూ కొట్టరు."

అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి జనం మధ్యలో నిలబెట్టాడు. తన కిరీటం తీసి ఆయన నెత్తిన పెట్టాడు.

జనం పొట్ట పట్టుకున్నారు. నేనూ నవ్వాను. ఆ 'ఎవులూ కొట్టరు' అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికి తెలియదు.

మర్నాడు కమిటీ మీటింగులో సెక్రటరీగారు, వీళ్ళ చేత నాటకం ఆడించడం గాడిద చేత గజ్జె కట్టించడమేనని, ప్రాంప్టింగుకీ పలకరింపుకీ తేడా తెలియని శుంఠలని తీర్మానించారు.

"వెనకనుంచి మాట వినబడితే వెనక్కి తిరిగి చూడటం తెలివండీ," అన్నాను నేను. "వినబడనట్టు నటించడం మీకు అలవాటు, అంతే. ఇద్దరిలో శుంఠ ఎవరో మీరే చెప్పండి."

ఆ నెల నా ఉద్యోగం పోకపోవడానికి ఒకటే కారణం. అంత తక్కువ జీతానికి బి.ఎడ్. చదివినవాళ్ళు మరొకరు దొరకలేదు.

మా హోమ్ వాచ్‌మన్ ఒకప్పుడు తూర్పు భాగోతం మేళంలో మద్దెల కొట్టినవాడు. మేళం చెదిరిపోయాక గేటు దగ్గర కూర్చున్నాడు. మద్దెలని మాత్రం వదల్లేదు. గేటు తాళం గుత్తి ఎక్కడో పారేసేవాడు గాని మద్దెలకి గుడ్డ కప్పకుండా పడుకునేవాడు కాదు. ఒక మధ్యాహ్నం మాటల్లో అడిగాను, మీ భాగోతంలో ప్రాంప్టరు ఉండేవాడా అని. ఆయనకి ఆ మాటే తెలియదు.

"తెర పట్టుకుంటారు సెరో పక్కా. ఏసం తెర దాటి వస్తాది. వస్తే నానడగాల. ఎవులు నువ్వు, ఏ ఊరు, ఏటి పని మీద వచ్చినావు? అడిగితేనే గదమ్మా అది సెప్తాది. అడక్కపోతే అక్కడే నిలబడి ఉంటాది."

"అడిగినా చెప్పకపోతే?"

"మరోలాగ అడుగుతాను."

నేను అక్కణ్ణుంచి లేచి తిన్నగా చిన్నషావుకారు దగ్గరికెళ్ళాను. ఆర్నెల్లుగా అతనికి 'అ అమ్మ, ఆ ఆవు' చెప్పించబోయి ఓడిపోయినదాన్ని. అతని ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని, "షావుకారూ, బియ్యం ఎలా ఇస్తున్నావు?" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు అరువివ్వను," అన్నాడు. "నీ మొకం సూత్తేనే తెలస్తంది."

ఆర్నెల్లలో అతను నాతో అన్న మొదటి పూర్తి వాక్యాలు అవి.

మనం వీళ్ళకి మాటలు ఇవ్వాలనుకుంటున్నాం గాని, వాళ్ళ దగ్గర ఉన్న మాటలు ఎవరూ అడగలేదు. అదీ నాకు తట్టింది. మద్దెలాయనతో చెబితే ఆయన ఒప్పుకోలేదు. "అది ఏసగాళ్ళకమ్మా. ఈల్లు తాళానికి రారు," అన్నాడు. వారం రోజులు వాదించాను. ఆ వారం ఆయన నన్ను చూస్తే గేటు వదిలి పెరట్లోకి పోయేవాడు. చివరికి నా బాధ పడలేక మద్దెల మెళ్ళో వేసుకున్నాడు.

మా నాటకం పేరు సంత. పుస్తకం లేదు, పద్యం లేదు, కిరీటం అసలే లేదు. ఇద్దరు దుప్పటి పట్టుకుంటారు. దాని వెనకనుంచి ఒక్కొక్కరు వస్తారు. మద్దెలాయన అడుగుతాడు, వాళ్ళు చెబుతారు. కథంతా సంత మొదలవడం, సంత ఎత్తెయ్యడం. చిన్నషావుకారు ధాన్యం కొట్టు. సముద్రపొడ్డు ఊరినుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళది, రోజుకి రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆమె చేపల గంప. ఇంకొకతను రోజంతా తాడుతో కట్టినట్టు గేటు దగ్గరే నిలబడేవాడు, అతను పోలీసు.

మొదట్లో మద్దెలాయనకీ నాకూ రోజూ గొడవే. ఆయన ప్రశ్న వేసి, వాళ్ళు నోరు తెరిచేలోపే ముక్తాయింపు కొట్టేసేవాడు.

"ఆ చెయ్యి ఆపండి."

"తాళం తప్పిపోతన్నాదమ్మా."

"తప్పనివ్వండి. సంతలో తాళం ఎవడేస్తాడు?"

"ఎంతసేపని ఊరుకుంటాను? సూసినోల్లు ఎల్లిపోతారు."

"పోతే పోనీ. ఈ మనిషి మాత్రం ఇప్పుడు మాట్లాడబోతున్నాడు. చూడండి."

ఊరుకోవడం ఆయన నేర్చుకోవాల్సి వచ్చింది. ప్రశ్న వేసి, మద్దెల మీద అరచెయ్యి ఆనించి, అలా ఎదురుచూడటం. మేళంలో పేరున్నవాడికి అది చిన్న పని కాదు. నేర్చుకున్నాక మాత్రం ఆయన్ని పట్టలేకపోయాం. ఒకసారి అడిగిన ప్రశ్న మళ్ళీ అడిగేవాడు కాదు. అడిగితే పాత జవాబే వస్తాది, పాత జవాబు పాసిపోయిన కూడు అనేవాడు. ఏ ఊరెళితే ఆ ఊరికి తగ్గట్టు కొత్త ప్రశ్న. ఏమడుగుతాడో నాకు చెప్పేవాడు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

మొదట మా వీధిలో ఆడాం. చూసినవాళ్ళు వాళ్ళ చుట్టాల ఊళ్ళకి పిలిచారు. నౌపడలో ఉప్పుమడుల్లో పనిచేసే ఆడవాళ్ళ ముందు ఆడాం. ఎండలో, ఉప్పు కుప్పల పక్కన. ఆ రోజుల్లో ఏజెన్సీలో గొడవల మూలంగా రాత్రి నలుగురు గుమిగూడితే పోలీసులు ఊరుకునేవాళ్ళు కాదు. అందుకని మా ఆటలన్నీ పట్టపగలే. మాకదే మంచిదైంది. చూసేవాళ్ళ మొహాలు మావాళ్ళకి కనబడేవి.

నౌపడలో ముందు వరసలో ఒకామె చేపల గంపకేసి మెడ చాచి, "ఏటమ్మీ, సేపలు నిన్నటివేటి?" అంది. ఉత్త గంప అది.

రోజుకి రెండు మాటలు మాట్లాడే మా పిల్ల గంప దించకుండానే, "నీ మొగుడు నిన్నటోడు కాడేటి?" అంది.

ఉప్పు పనివాళ్ళు నవ్వితే ఎలా ఉంటుందో మీరు వినాలి. ఆ నవ్వులో జాలి ఎక్కడా లేదు. మాటకి మాట పడ్డందుకు నవ్వారు. ఆట అయ్యాక ఆమె మా పిల్ల గెడ్డం పట్టుకుని, "ఒసే, నా దగ్గరుండిపోవే, బేరాలకి పనికొస్తావు," అంది. కంటతడి అని రాసినాయన ఆ ఎండలో ఒక్క పూట నిలబడి ఉంటే తెలిసేది, తడి ఎక్కడ పట్టిందో.

గరివిడిలో ఫ్యాక్టరీ కాలనీ వాళ్ళు పిలిచారు. వాళ్ళు నాటకాలు మరిగినవాళ్ళు. చిన్నషావుకారు, పోలీసు బేరం బాగా పండింది. జనం 'వన్స్‌మోర్' అని ఈలలు. మన నాటకాల్లో అది రివాజు కదా, చచ్చిపోయిన రాజు కూడా లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. నాటకానికి పేరొస్తోందని విని మా వెంట బయల్దేరిన సెక్రటరీగారు ముందు కుర్చీలోంచి చెయ్యి ఊపుతూ, "మళ్ళీ చెయ్యరా, చెయ్యి, అడుగుతున్నారు" అంటున్నారు. చిన్నషావుకారు తక్కెడ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్ముడైపోనాది," అన్నాడు జనంతో. "ఒక్క బస్తాని రెండుసార్లు అమ్మితే దొంగతనం. వచ్చే సంతకి రండి. బేగి రండి."

ఆ చప్పట్లకి సెక్రటరీగారు లేచి నిలబడి వంగి నమస్కారం చేశారు. ఆ రోజునుంచి నాటకం ఆయనదైపోయింది. "నేను మొదట్నుంచీ అనుకున్నదే ఇది," అని కనబడ్డవాడికల్లా చెప్పేవారు. చెప్పుకోనీ అనుకున్నాను. నాకు ఆడటం ముఖ్యం.

ఇలా నడుస్తుండగా, పెద్దషావుకారికి సన్మానం చేయాలని సెక్రటరీగారికి బుద్ధి పుట్టింది. హోమ్‌కి కొత్త వంటశాల కట్టించే మాట నడుస్తోంది. ఆయన ఊళ్ళోనే, ఆయన ముంగిట్లోనే సభ. సభ తర్వాత మా సంత. పెద్దషావుకారు ఎందుకొప్పుకున్నాడని నన్ను చాలామంది అడిగారు. ఆయనకి చెప్పింది వేరు. పిల్లలు వరసలో నిలబడి దణ్ణం పెడతారు, ఒక పాట పాడతారు అని. తన తమ్ముడికి నోరుందన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

ఊరంతా వచ్చింది. రైతులు, కొట్ల వాళ్ళు, ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని. పెద్దషావుకారు వేదిక మీద, మెళ్ళో గులాబీల దండ. నెమ్మదైన మనిషి, మాట గట్టిగా రాదు. ముక్కులోంచి కాస్త సాగదీస్తాడు. ఆయన కొట్టు ఆ ముంగిటికి ఎదురుగానే. కొట్టు వెనక ఇల్లు.

చిన్నషావుకారు దుప్పటి దాటి వచ్చాడు. వచ్చి జనం వైపు చూడలేదు, కొట్టు వైపు చూశాడు. చాలాసేపు. మద్దెలాయన అరచెయ్యి ఆనించి ఊరుకున్నాడు. తర్వాత మామూలుగా, ఎవరు, ఏ ఊరు అన్నాడు. అతను జవాబు చెప్పాడు. జనంలో చిన్న కలకలం. చెప్పింది అతని గొంతుతో కాదు. ముక్కులోంచి సాగదీసి, నెమ్మదిగా. అచ్చు వాళ్ళన్న. నవ్వు మొదలైంది. వేదిక మీద పెద్దషావుకారు కూడా మర్యాదకి కాస్త నవ్వాడు.

బేరం సాగింది. తూకం సాగింది. అప్పుడు మద్దెలాయన తన అలవాటు ప్రకారం కొత్త ప్రశ్న వేశాడు. ఏదో కావాలని కాదు. ఎదురుగా కొట్టు కనబడుతోంది, కొట్టు వెనక తలుపు కనబడుతోంది, నోటికొచ్చింది.

"షావుకారూ, కొట్టెనకాల గదిలో ఏటున్నాది?"

"ఏటీ నేదు."

"ఏదో అలికిడవుతంది?"

"ఎలకలు."

జనం ఘొల్లుమన్నారు. ఆ 'ఎలకలు' అన్న మాట అన్న నోట్లోంచి ఊడిపడ్డట్టు అన్నాడు. మద్దెలాయన కూడా నవ్వుతూ, "ఎలకలు తలుపు కొడతాయేటి?" అన్నాడు.

"కొడితే కర్రట్టుకుని లోపలికెల్లాల. అప్పుడూరుకుంటాయి."

"మరి తిండో?"

"అందరూ ఎల్లిపోయాక ఎడతాం. కంచం తలుపు కిందనుంచి తోసీడమే."

నవ్వు ఎక్కడ తెగిందో నేను చూశాను. ముందు మొగవాళ్ళ వైపు తెగింది. ఆడవాళ్ళ వైపు ఎవరో ఇంకా కాసేపు నవ్వి, ఒంటరైపోయి మానేశారు. మద్దెలాయన అరచెయ్యి మద్దెల మీదే ఉండిపోయింది. ఈసారి ఎదురుచూసి కాదు, ఏమడగాలో తెలియక.

చిన్నషావుకారు మాత్రం ఆట ఆపలేదు. దుప్పటి దగ్గరికెళ్ళి, అంచు ఎత్తి, వెనక ఎవరూ లేని చోటుతో, ఈసారి తన సొంత గొంతుతో అన్నాడు. "బయటికి రా నాయినా. ఎవులూ కొట్టరు."

అని, సంత అయిపోయినట్టు తక్కెడ మడిచాడు.

ఇదీ జరిగింది. ఇందులో జబ్బు ఎక్కడుందో నాకు చూపించండి. పెద్దషావుకారు దండ తీసి కుర్చీ చేతికి తగిలించి, మైకు దగ్గరికొచ్చి, "మా తమ్ముడికి ఒంట్లో బాగోనేదు. ఎండదెబ్బ. ఇంటికి తీసుకెల్తాం," అన్నాడు. సావనీరులో జబ్బు ఆ మైకులోంచి పుట్టింది.

నేను వేదిక ఎక్కాను. "అతను ఎక్కడికీ రాడు. మాతో హోమ్‌కి వస్తాడు."

"తల్లీ," అన్నాడాయన, ఎప్పట్లాగే నెమ్మదిగా. "మా ఇంటి మనిషి. మేం తీసుకెల్తాం. నీకేటి నొప్పి?"

"అతన్ని అడగండి."

"ఆడికేటి తెలుసు?"

"ఏం తెలుసో ఇప్పుడే కదండీ మీ ఊరందరికీ చెప్పాడు."

సెక్రటరీగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకోండి. ఆయన చేర్పించారు, ఆయన తీసుకెళ్తున్నారు. మనమెవరం?"

"సెక్రటరీ మీరు కదండీ. కిరీటం పెట్టుకోవడానికేనా?"

జనాన్ని చూశాను. ఊరంతా అక్కడే ఉంది. ఒక్కరు లేచి, అదేమిటి షావుకారూ అని ఉంటే చాలు. వాళ్ళు బుట్టలు సర్దుకుంటున్నారు, పిల్లల్ని పిలుచుకుంటున్నారు.

చిన్నషావుకారుకి ఇద్దరు కొట్టు గుమాస్తాలు చెరో పక్కా నిలబడ్డారు. అతను గింజుకోలేదు. తక్కెడని చేపలమ్మాయి చేతికిచ్చి, "సూస్తుండు. వచ్చే సంతకి వస్తాను," అన్నాడు. ఆ పిల్ల బండిలో, తర్వాత రైల్లో, ఒళ్ళో ఆ రెండు చిప్పలూ సమానంగా నిలబెట్టుకుని కూర్చుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మద్దెలాయన స్టేషన్ నుంచి స్టేషన్ దాకా ఒకే మాట అన్నాడు. "ఎందుకడిగినాను నాను? ఎందుకడిగినాను?" మీరు అడిగారు కాబట్టే తెలిసిందని చెప్పాను. ఆయనకి అది ఓదార్పు కాలేదు. ఆ తర్వాత గుడ్డ తియ్యలేదు మద్దెల మీదనుంచి.

కమిటీ కూర్చుంది. నాటకాల శ్రమ వీళ్ళు తట్టుకోలేరు, ఇక వద్దు అని తేల్చింది. తట్టుకోలేకపోయింది ఎవరండీ, వాళ్ళా, మీరా అని అడిగాను. జవాబు రాలేదు. మరోలాగ అడిగాను. అప్పుడూ రాలేదు.

కొన్నాళ్ళాగి సెలవు పెట్టి ఆ ఊరెళ్ళాను. పెద్దషావుకారు కోప్పడతాడనుకున్నాను. లేచి కుర్చీ వేశాడు. మజ్జిగ తెప్పించాడు. నేను అడక్కముందే కొట్టు వెనక తలుపు తీసి, "సూసుకో తల్లీ," అన్నాడు. గది ఖాళీ. గోడలకి కొత్తగా సున్నం వేశారు, ఇంకా వాసన పోలేదు. తలుపు కింద సందు మాత్రం అలాగే ఉంది, కంచం పట్టేంత. అతనెక్కడ అంటే, చుట్టాలింటికి వెళ్ళాడన్నాడు. ఏ ఊరు? ఒరిస్సా వైపు. ఏ చుట్టాలు? ఆయన మళ్ళీ మజ్జిగ తాగమన్నాడు.

వీధిలోకొచ్చి గుమ్మం గుమ్మం అడిగాను. ఒక ముసలామె అరుగు మీద మినుములు చెరుగుతోంది. "బండి కట్టినారమ్మా తెల్లారగట్ల. ఎటెల్లినాదో నాను సూడనేదు," అంది. ఎందుకు చూడలేదంటే చాట ఆపి, "సూత్తే ఏటవుతాది?" అంది. ఆ మాట చెప్పినంత నిజం కూడా మిగతావాళ్ళు చెప్పలేదు. ఆ తర్వాత నేను ఉత్తరాలు రాశాను, ఆఫీసులు తిరిగాను, ఆ వైపు తెలిసినవాళ్ళందరినీ వాకబు చేశాను. దొరకలేదు.

మొన్న వార్షికోత్సవంలో ఇప్పటి పిల్లల నాటకం చూశాను. బట్టలు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. మాటలన్నీ టేపురికార్డరులోంచి, ఎవరో రేడియో గొంతు. పిల్లలు పెదాలు కదుపుతున్నారు. మధ్యలో టేపు కీచుమంటే ఒక పిల్ల ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని వెనక్కి తిరిగింది. పక్కనుంచి టీచరు వేలు చూపించి మళ్ళీ జనం వైపు తిప్పింది. అమ్మాయ్, నీకే చెబుతున్నాను. నువ్వు ఆ టేపు కట్టేసి, ఆ పిల్లని ఒక ప్రశ్న అడిగి, చెయ్యి ఆనించి ఊరుకో. ఏం చెబుతుందోనని నీకు భయంగా ఉంటే, ఆ భయం పేరే నాటకం ఆపేసిన కమిటీ.

నాకు ఇంకొక సంగతి మిగిలింది. అది సెక్రటరీగారితో కాదు, ఆయన పోయారు. పెద్దషావుకారితోనూ కాదు, ఆయన చేసిందేమిటో ఆయనకి తెలుసు. ఆ ఊరివాళ్ళతో. 'ఎలకలు' అనగానే మీరు ఘొల్లుమన్నారు, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా. అంతకుముందు ఆ మాట ఆ కొట్లో, ఆ గొంతులో వినకపోతే అంత బేగి నవ్వు రాదు. సరుకు కట్టించుకుంటూ, తలుపు వెనక చప్పుడు విని, అదేటి షావుకారూ అని మీరే అడిగి ఉంటారు, ఆయన ఆ జవాబు చెప్పి ఉంటాడు, మీరు సంచీ ఎత్తుకుని ఇంటికెళ్ళి ఉంటారు. ఏళ్ళ తరబడి. మీలో కొందరైనా ఇంకా ఉన్నారు. నాకు చెప్పండి.

మీరు నిజంగా ఎలకలే అనుకున్నారా?